చేపల్లో పాదరసం: మినమాటా తల్లులు నేర్పిన పాఠం

మన తీరప్రాంతపు ఇళ్ళలో కాన్పు అయిందంటే సొరచేప కోసం వెతుకులాట మొదలవుతుంది. పాలసొర దొరికితే ఇంకా మంచిదంటారు. ఉడకబెట్టి, తోలు తీసి, వెల్లుల్లి దట్టించి పొడిపొడిగా వేయించిన సొర పొరటు పెడితే బాలింతకు పాలు బాగా పడతాయని పెద్దల నమ్మకం. ప్రసూతి వార్డులో మధ్యాహ్నం క్యారియర్లు విప్పే వేళ ఆ వాసన తెలియని నర్సు ఉండదు.

తల్లి మీద, బిడ్డ మీద ఉన్న ప్రేమతోనే ఇంటివాళ్ళు ఆ కూర వండి తెస్తారు. ఆ ప్రేమను తప్పు పట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. కానీ సొర వంటి పెద్ద చేపల మాంసంలో పాదరసం చేరుతుందన్న సంగతి మన అమ్మమ్మల కాలంలో ఎవరికీ తెలియదు. అది మనిషిని, ముఖ్యంగా కడుపులోని బిడ్డను ఏం చేయగలదో జపాను దేశంలోని ఒక సముద్రతీర పట్టణం వలన ప్రపంచానికి తెలిసింది. అక్కడి తల్లులు, పిల్లలు పడిన కష్టం తెలుసుకుంటే, మన వంటింట్లో ఏది ఉంచాలో, ఏది కొంతకాలం పక్కన పెట్టాలో మనకే అర్థమవుతుంది.

పిల్లులు గంతులు వేసిన ఊరు

ఆ పట్టణం పేరు మినమాటా. జపానులో క్యూషూ ద్వీపం పడమటి ఒడ్డున, కుమమోటో ప్రాంతంలో ఉంది. దాని ముందు చిన్న అఖాతం. చుట్టూ జాలరి పల్లెలు. పోటు తీసినప్పుడు ఆడవాళ్ళు, పిల్లలు ఒడ్డున రాళ్ళకు అంటుకున్న ఆలిచిప్పలు, ఇసుకలో దాగిన గుల్లలు ఏరుకునేవారు. అన్నం కొరత పడిన రోజు కూడా చేపకు, గుల్లకు కొరత ఉండేది కాదు.

ఆ ఊళ్ళోనే చిస్సో అనే కంపెనీ రసాయనాల కర్మాగారం ఉండేది. 1932 నుండి అక్కడ అసిటాల్డిహైడ్ అనే రసాయనం తయారు చేశారు. ఆ పనిలో పాదరసం వాడేవారు. తయారీ జరిగేటప్పుడు కొంత పాదరసం మిథైల్ మెర్క్యురీ అనే మరింత ప్రమాదకరమైన రూపానికి మారేది. అది వ్యర్థపు నీళ్ళతో కలిసి కాలువ గుండా అఖాతంలోకి పోయేది. నీళ్ళ రంగు చూసి గానీ, చేప రుచి చూసి గానీ ఎవరూ దానిని కనిపెట్టలేకపోయారు.

1950 తరువాత వింతలు మొదలయ్యాయి. చేపలు చచ్చి తేలాయి. ఒడ్డున గుల్లలు నోళ్ళు తెరిచి చనిపోయాయి. కాకులు ఎగురుతూ ఎగురుతూ కింద పడ్డాయి. చేప ముక్కలు తిని బ్రతికే పిల్లులు వణికి, గంతులు వేసి, గిరగిర తిరిగి చచ్చిపోయేవి. జనం దానిని పిల్లుల ఆట అన్నారు. పిల్లి తిన్నదే తమ కంచంలోనూ ఉందని అప్పటికి ఎవరికీ తట్టలేదు.

అంటురోగం అనుకున్నారు

1956 ఏప్రిల్ 21న ఒక అయిదేళ్ళ పాపను కర్మాగారం ఆసుపత్రికి తీసుకువచ్చారు. ఆ పాప సరిగా నడవలేకపోతోంది, మాట తడబడుతోంది, మూర్ఛలు వస్తున్నాయి. రెండు రోజుల తరువాత ఆమె చెల్లెలిలోనూ అవే లక్షణాలు మొదలయ్యాయి, ఆమెనూ ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఇరుగుపొరుగులోనూ అలాంటివారు ఉన్నారని తేలింది. మే 1న ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరు హోసొకావా హజిమె, మెదడుకు, నరాలకు సంబంధించిన కారణం తెలియని జబ్బు ఒకటి ఊళ్ళో పుట్టిందని ఆరోగ్య శాఖకు తెలియజేశారు. ఆ ఏడాది అక్టోబరు నాటికి 40 మంది రోగులు బయటపడ్డారు. వారిలో 14 మంది అప్పటికే చనిపోయారు.

మొదట అందరూ అంటురోగం అనుకున్నారు. రోగులను వేరుగా ఉంచారు. వారి ఇళ్ళలో మందు చల్లించారు. ఇరుగుపొరుగు దూరం జరిగారు. అంటుతుందన్న పేరు ఒకసారి పడితే ఆ కుటుంబం ఎంత ఒంటరిదవుతుందో కుష్టు, క్షయ రోగులను చూసిన మిషను ఆసుపత్రులకు కొత్తగా చెప్పనవసరం లేదు. మినమాటాలో ఆ మచ్చ ఏళ్ళ తరబడి పోలేదు. కొందరు జబ్బు ఉన్నా చెప్పుకోకుండా దాచుకున్నారు.

కుమమోటో విశ్వవిద్యాలయం వైద్యులు ఊళ్ళు తిరిగి, ఇళ్ళలో ఏం తింటున్నారో అడిగి, ఆ ఏడాది నవంబరులోనే ఒక నిర్ణయానికి వచ్చారు. ఇది అంటురోగం కాదు. అఖాతంలోని చేపలు, గుల్లల ద్వారా శరీరంలో చేరిన ఏదో ఒక లోహం చేసిన విషం. ఆ లోహం ఏదో తేలడానికి ఇంకా సమయం పట్టింది. అది పాదరసమేనని 1959 జూలైలో ప్రకటించారు. కాలువ మొగ దగ్గర బురద తీసి చూస్తే టన్నుకు రెండు కిలోల పాదరసం ఉంది. ఇతర ప్రాంతాల ప్రజల తలవెంట్రుకలలో పాదరసం సగటున 4 పి.పి.ఎం. ఉంటే, మినమాటా రోగులలో అత్యధికంగా 705 పి.పి.ఎం. కనిపించింది. పి.పి.ఎం. అంటే పది లక్షల పాళ్ళలో ఒక పాలు.

తెలిసినా ఆగలేదు

ఇక్కడ మనం ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. అఖాతంలో చేపలు పట్టకుండా నిషేధించాలని 1957లోనే స్థానిక అధికారులు తలచారు. అక్కడి చేపలన్నీ విషపూరితమని స్పష్టమైన ఆధారం లేదని పై నుండి జవాబు వచ్చింది. నిషేధం పడలేదు. జాలరులు పొట్టకూటి కోసం పట్టారు. జనం తిన్నారు.

డాక్టరు హోసొకావా పిల్లుల మీద పరీక్ష చేశారు. కర్మాగారం వ్యర్థపు నీళ్ళు కలిపిన తిండి పెట్టిన పిల్లి ఒకటి 1959 అక్టోబరులో జబ్బు పడింది. అది 400వ నంబరు పిల్లి. ఆ ఫలితాన్ని కంపెనీ బయట పెట్టనివ్వలేదు. 1970లో తాను కాన్సరుతో మంచం పట్టి ఉండగా, ఆసుపత్రి పడక మీద నుండే ఆయన న్యాయస్థానానికి ఆ సంగతి సాక్ష్యంగా చెప్పారు.

1959 డిసెంబరులో కంపెనీ నీటిని శుభ్రపరిచే యంత్రం పెట్టింది. జనం ఊపిరి పీల్చుకున్నారు. నిజానికి ఆ యంత్రం పాదరసాన్ని తీయడానికి తయారు చేసింది కాదు. అసిటాల్డిహైడ్ తయారీ 1968 మే నెలలో ఆగింది. ఆ సెప్టెంబరులో ప్రభుత్వం కారణాన్ని అధికారికంగా ఒప్పుకుంది. మొదటి పాప ఆసుపత్రికి వచ్చి అప్పటికి పన్నెండేళ్ళు. ఈలోగా 1965లో నీగాటా ప్రాంతంలో మరో కంపెనీ కర్మాగారం కింద, అగానో నది ఒడ్డున ఇదే జబ్బు మళ్ళీ బయటపడింది.

మాయ దాటిన విషం

ఇప్పుడు తల్లులు శ్రద్ధగా చదవవలసిన భాగానికి వస్తున్నాను.

మినమాటా చుట్టుపక్కల పుట్టిన పసిపిల్లల్లో చాలామంది మెడ నిలపడం లేదు, కూర్చోవడం లేదు, మాట రావడం లేదు. కాళ్ళు చేతులు వంకర్లు పోతున్నాయి. పాలు తప్ప చేప ముట్టని పిల్లలు గనుక ఇది పుట్టుకతో వచ్చిన మెదడు లోపం అన్నారు వైద్యులు. ఆ రోజుల్లో వైద్య విద్యలో ఉన్న గట్టి నమ్మకం ఏమంటే, తల్లి శరీరంలోని విషం మాయను దాటి బిడ్డకు చేరదని.

హరదా మసజుమి అనే యువ వైద్యుడు 1961లో ఒక ఇంటి ముందు ఇద్దరు అన్నదమ్ములను చూశారు. ఇద్దరికీ ఒకే లక్షణాలు. పెద్దవాడికి మినమాటా జబ్బు అని, చిన్నవాడికి కాదని తల్లి చెప్పింది. చిన్నవాడు చేప తినలేదు కాబట్టి కాదని డాక్టర్లే తనకు చెప్పారట. కానీ ఆమె మనసు ఒప్పుకోలేదు. వాడు కడుపులో ఉన్నప్పుడు చేపలు తిన్నది తాను, తాను తిన్నది బిడ్డకు పోయి ఉండదా అన్నది ఆమె ప్రశ్న. పుస్తకాలు కాదన్నా ఆ తల్లి మాటే నిజమైంది. చనిపోయిన పిల్లల మెదళ్ళను పరీక్షించిన మీదట, కడుపులోనే పాదరసం సోకిందని 1962లో అధికారికంగా ఒప్పుకున్నారు.

జపానులో బిడ్డ బొడ్డుతాడు ఎండిన ముక్కను చిన్న పెట్టెలో భద్రపరచడం ఆచారం. మన పల్లెల్లోనూ కొందరు దానిని తాయెత్తులో దాచుతారు కదా. హరదా ఇంటింటికీ తిరిగి ఆ ముక్కలను సేకరించి పరీక్ష చేయించారు. వాటిలో మిథైల్ మెర్క్యురీ ఎక్కువగా కనిపించింది. 1975లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తల్లులు ప్రేమతో దాచుకున్న గుర్తులే సాక్ష్యాలయ్యాయి.

మరొక బాధాకరమైన విషయం ఏమిటంటే, బిడ్డ తీవ్రంగా జబ్బు పడినా తల్లిలో లక్షణాలు తక్కువగా ఉండేవి. తల్లి రక్తంలోని మిథైల్ మెర్క్యురీ మాయ గుండా బిడ్డ వైపు సులువుగా పోతుంది. ఎదుగుతున్న మెదడుకు అది చేసే హాని ఎక్కువ. తమ విషాన్ని బిడ్డ మోసుకుందని ఆ తల్లులు చెప్పుకునేవారు.

చేపలోకి ఎలా చేరుతుంది?

పాదరసం బొగ్గు మండించే కర్మాగారాల పొగలో, బంగారం తీసే చోట్లలో, పారిశ్రామిక వ్యర్థాలలో ఉంటుంది. నీటిలో చేరాక అడుగున బురదలోని సూక్ష్మజీవులు దానిని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. దానిని నాచు వంటి సూక్ష్మమైన మొక్కలు తీసుకుంటాయి. వాటిని చిన్న జీవులు తింటాయి, వాటిని చిన్న చేపలు, చిన్న చేపలను పెద్ద చేపలు తింటాయి. ప్రతి మెట్టుకూ పాదరసం పెరుగుతుంది. ఎక్కువ ఏళ్ళు బ్రతికి, ఇతర చేపలను వేటాడి తినే సొర వంటివాటిలో అన్నిటికంటే ఎక్కువ పోగవుతుంది.

గుల్లలు, ఆలిచిప్పలు వేటాడవు. అవి ఉన్నచోటనే ఉండి నీటిని వడగట్టుకుని తింటాయి. అందువలన ఆ నీటిలో ఏముంటే అది వాటిలో చేరుతుంది. శుభ్రమైన నీటిలో పెరిగిన గుల్లల్లో పాదరసం చాలా తక్కువ. కర్మాగారం కాలువ మొగ దగ్గర పెరిగినవి మినమాటాలో ప్రాణాలు తీశాయి. గనుక మనం గుర్తుంచుకోవలసినవి రెండే ప్రశ్నలు. చేప అయితే "ఎంత పెద్దది?" అని అడగండి. గుల్ల అయితే "ఎక్కడిది?" అని అడగండి.

అమెరికా ఆహార, ఔషధ సంస్థ లెక్కల ప్రకారం సొర మాంసంలో పాదరసం సగటున 0.98 పి.పి.ఎం. దాకా ఉంది. కవళ్ళ జాతి చేపల్లో 0.013, నెత్తళ్ళ జాతిలో 0.016, రొయ్యల్లో 0.009 మాత్రమే. అంటే ఒక ముక్క సొరలో ఉండే పాదరసం, అంతే బరువున్న కవళ్ళలో ఉన్నదానికి సుమారు 75 రెట్లు. ఇవి అక్కడి చేపల లెక్కలే అయినా, పెద్ద వేట చేపకు, చిన్న చేపకు ఉండే తేడా ఏ సముద్రంలోనైనా ఇదే తీరు. పాలసొర సొరజాతిలో చిన్నదే. అయినా అదీ వేటాడి తినే చేపే.

గర్భిణులు, బాలింతలు ఏం తినాలి?

చేపలు మానవద్దు. ఈ వ్యాసం చదివి ఎవరైనా చేపలు మానేస్తే నాకు విచారమే. చేపలో మంచి మాంసకృత్తులు, బిడ్డ మెదడుకు, కళ్ళకు కావలసిన కొవ్వులు, అయోడిన్ ఉన్నాయి. రక్తహీనతతో వచ్చే మన గర్భిణులకు చేప మంచి ఆహారం.

* వారానికి రెండు మూడుసార్లు తినదగినవి: కవళ్ళు, నెత్తళ్ళు, కానాగంతలు, రొయ్యలు. చెరువు చేపల్లో శీలావతి, బొచ్చె. చిన్న చేపలు ధరలోనూ అందుబాటులో ఉంటాయి.

* మానవలసినవి: సొర, కొమ్ముకోనం, పెద్ద ట్యూనా. గర్భం రావాలని కోరుకునేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు వీటికి దూరంగా ఉండాలి.

* వంజరం: దీని జాతికే చెందిన ఒక పెద్ద చేపను గర్భిణులు తినరాదని అమెరికా జాబితాలో ఉంది. కాబట్టి గర్భిణులు పెద్ద వంజరం ముక్కలకు బదులు చిన్న చేపలు ఎంచుకోవడం మేలు.

* గుల్లలు, ఆలిచిప్పలు, పీతలు: కర్మాగారపు కాలువలు, ఓడరేవులు, మురుగు కలిసే చోట ఏరినవి ఎవరూ తినవద్దు. పిల్లలను అక్కడ ఏరడానికి పంపవద్దు.

తరచుగా అడిగే ప్రశ్నలు

బాగా కడిగి, ఉడికిస్తే పోతుందా? పోదు. మిథైల్ మెర్క్యురీ చేప కండలోనే కలిసిపోయి ఉంటుంది. ఉప్పు, పసుపు, చింతపండు దానిని తీయలేవు. ఎండబెడితే నీరు పోతుంది గాని పాదరసం పోదు. కాబట్టి ఎండు సొర కూడా సొరే.

నేను నిన్ననే సొర తిన్నాను, భయమా? ఒకసారి తిన్నందుకు భయపడనక్కరలేదు. మినమాటా కుటుంబాలు విషపు చేపను రోజూ తిన్నారు. శరీరం మిథైల్ మెర్క్యురీని మెల్లగా విసర్జిస్తుంది. సగం పోవడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. అందుకే గర్భానికి ముందు నుండే జాగ్రత్త పడితే మంచిది.

మరి పాలు ఎలా పడతాయి? బిడ్డ ఎంత తరచుగా చీకితే పాలు అంత బాగా పడతాయి. పుట్టిన మొదటి గంటలోనే రొమ్ము పట్టించండి. రాత్రి కూడా ఇవ్వండి. తల్లికి కడుపునిండా అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, చిన్న చేపలు, దాహం తీరా నీళ్ళు, కాస్త నిద్ర కావాలి. సొర తిన్నానని భయపడి పాలివ్వడం మాత్రం ఆపవద్దు. తల్లిపాలకు సాటి లేదు.

తిమ్మిర్లు వస్తే పాదరసమేనా? మినమాటా రోగులకు చేతులు, కాళ్ళు, పెదవుల చుట్టూ తిమ్మిరి, చూపు పక్కల నుండి మూసుకుపోవడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం ఉండేవి. మన దగ్గర తిమ్మిర్లకు ఎక్కువగా షుగరు, విటమిన్ లోపం కారణం. మీకు మీరే నిర్ణయించుకోకుండా వైద్యులకు చూపించండి.

ఇంట్లో థర్మామీటర్ పగిలితే

పాదరసం కాలువలోకి పోయే దారి కర్మాగారం నుండే కాదు, మన ఇంటి నుండి కూడా ఉంది. పాత గాజు థర్మామీటరులో సుమారు ఒక గ్రాము, పాతరకం బి.పి. యంత్రంలో దాదాపు వంద గ్రాములు ఉంటుంది. పగిలినప్పుడు దొర్లే వెండి పూసలతో పిల్లలు ఆడుకుంటారు. దాని ఆవిరి పీల్చడం ప్రమాదం.

పగిలితే ముందు పిల్లలను బయటికి పంపి, కిటికీలు తెరవండి. చీపురుతో ఊడవకండి, అలా చేస్తే పూసలు ఇంకా చిన్నవై చెదురుతాయి. చేతికి ఉన్న బంగారు ఉంగరం, గాజులు తీసేయండి, పాదరసం బంగారానికి అంటుకుంటుంది. రెండు గట్టి అట్టముక్కలతో పూసలను ఒకచోటికి చేర్చి, కొద్దిగా నీళ్ళున్న మూత సీసాలో వేయండి. సింకులో, మరుగుదొడ్డిలో, చెత్తకుండీలో వేయవద్దు. సీసా మీద పేరు రాసి, ఆసుపత్రిలో అప్పగించండి. కొత్తది కొనేటప్పుడు డిజిటల్ థర్మామీటరు అడగండి.

మినమాటా పేరుతో ఒక ఒప్పందం

1973 మార్చిలో కుమమోటో న్యాయస్థానం కంపెనీదే తప్పని తీర్పు ఇచ్చింది. అఖాతంలోని చేపలు బయటికి పోకుండా 1974 నుండి వలకంచె కట్టారు. విషపు బురదను తవ్వి, పూడ్చి, మట్టి కప్పడానికి 1990 దాకా పట్టింది. చేపలు తినదగినవని 1997లో ప్రకటించి ఆ కంచె తీసేశారు. నీగాటాతో కలిపి సుమారు 3,000 మందిని ప్రభుత్వం రోగులుగా ధ్రువీకరించింది. అందులో చేరనివారు ఇంకా చాలామంది. 2023 సెప్టెంబరులో కూడా ఒసాకా న్యాయస్థానం 128 మంది బాధితులకు పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. అంటే మొదటి పాప ఆసుపత్రికి వచ్చిన 67 ఏళ్ళ తరువాత.

పాదరసం వాడకాన్ని తగ్గించడానికి 2013లో దేశాలు చేసుకున్న ఒప్పందానికి మినమాటా పేరే పెట్టారు. 2017 ఆగస్టులో అది అమలులోకి వచ్చింది. మన దేశం 2018లో దానిని ఆమోదించింది. పాదరసపు థర్మామీటర్లు, బి.పి. యంత్రాలు ఆసుపత్రుల నుండి తొలగిపోవడానికి ఇదీ ఒక కారణం.

ఒప్పందాలు ప్రభుత్వాల పని. మన ఇంటి వంట మన పని. ఈసారి బాలింతకు క్యారియర్ కట్టే అత్తగారు, అమ్మగారు దయచేసి సొర బదులు నాలుగు కవళ్ళు పులుసు పెట్టి తీసుకురండి. తల్లికీ బలమే, బిడ్డకూ క్షేమమే. ఏదైనా సందేహం ఉంటే గర్భిణుల పరీక్షల రోజున మా సిస్టర్లను మొహమాటం లేకుండా అడగండి.